బిగిసినది విడివడు విధము

కలుపుట కష్టము, విడదీయుట సులభము అని లోకమున ఒక అభిప్రాయము కలదు. కుండను చేయుటకు కుమ్మరి ఎంతయో శ్రమపడును. దానిని పగులగొట్టుటకు ఒక్క క్షణము చాలును. కాని ఇనుముతో పనిచేయువారిని అడిగినచో వారు వేరొక మాట చెప్పుదురు. పగులగొట్టుట వేరు, విడదీయుట వేరు. పగులగొట్టినవానికి పెంకులు మిగులును. విడదీసినవానికి రెండు వస్తువులు మిగులును. ఆ రెండును మరల పనికివచ్చును. ఏండ్ల తరబడి ఒకదానిలో ఒకటి బిగిసిపోయిన రెండు ఇనుపముక్కలను, దేనికిని హాని కలుగకుండ వేరుచేయుట, వానిని మొదట కలుపుటకంటె ఎన్నియో రెట్లు కష్టమైన పని.

మానవుని అంతరంగమునందును, అతని సంసారమునందును ఇట్లు బిగిసిపోయినవి పెక్కులు కలవు. చిన్ననాట పట్టుబడిన దురభ్యాసము, ముదిరిపోయిన పగ, ఎన్నడో నోరుజారిన ఒక పరుషవాక్యమువలన ఏర్పడిన మౌనము - ఇవియెల్ల అట్టివే. వీనిని వదలించుటకు బలమును ఎంతవరకు ప్రయోగింపవచ్చును? ఓర్పు ఎంతవరకు ధర్మము, ఎక్కడనుండి అది పిరికితనమగును? ఈ ప్రశ్న శాస్త్రములు చదివినవారికి మాత్రమే కలుగునది కాదు. పాత సైకిలును బాగుచేయబూనిన సామాన్యునికిని ఇది ఎదురగును. ఆ చిన్నపనిని నిదానముగా పరిశీలించినచో ఈ పెద్దప్రశ్నకు కొంత సమాధానము లభింపగలదు.

పశ్చిమబెంగాలు రాష్ట్రమున, హౌరాకు పడమటి దిక్కుగా సుమారు 115 కిలోమీటర్ల దూరమున, ఖరగ్‌పూర్ అను రైల్వే పట్టణము కలదు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ, నాగపూరు వైపునకును మదరాసు వైపునకును పోవు ఇనుపదారులు చీలు ఆ కూడలియందు పెద్ద కర్మశాలను నెలకొల్పెను. ఆ దారి వెంబడినే శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతములనుండి తెలుగువారు పొట్ట చేతబట్టుకొని అక్కడకు చేరిరి. కొందరు ఫిట్టర్లయిరి, కొందరు కమ్మరి కొలుముల కడ నిలిచిరి, కొందరు బండ్లపై పనికి కుదిరిరి. 1955లో ఆ మార్గములు ఆగ్నేయ రైల్వేలోనికి వచ్చినవి. కంపెనీ పేరు పోయినను, నింపురా, మథురాకాటి మొదలగు రైల్వే కాలనీలలో తెలుగు మాట మాత్రము పోలేదు. బెంగాలీ, హిందీ భాషల నడుమ తరతరములుగా అది ఇంటిభాషగా నిలిచియున్నది.

ఆ ప్రాంతపు నేల ఎఱ్ఱని లాటరైటు నేల. మట్టిలోని ఇనుము గాలితోను నీటితోను కూడి మారుటవలననే ఆ ఎరుపు కలిగినది. వానకాలమున ఆ తేమగాలి ఇంటివసారాలో నిలిపిన సైకిలునుగూడ విడిచిపెట్టదు. అట్టి కాలనీలోని ఒక ఇంటిని ఇక్కడ దృష్టాంతముగా ఊహింపవచ్చును.

ఆ ఇంటి పెద్ద కర్మశాలలో ఫిట్టరుగా పనిచేసి విరమించినవాడు. ఆయన ముప్పది సంవత్సరములకు పైగా ప్రతిదినమును సైరను కూతకు ముందే ఒక నల్లని సైకిలుపై పనికి పోయెడివాడు. పని విరమించిన పిమ్మట ఆ సైకిలు వసారా గోడకు చేరగిలబడి అట్లే యుండిపోయెను. ఆయనకు ఒక్కడే కుమారుడు. తండ్రి తన కర్మశాలలోనే కుమారుడు చేరవలెనని కోరెను. కుమారుడు అంగీకరింపక వేరొక ఊరికి పోయెను. పోవునాడు తండ్రి ఒక మాట అనెను; కుమారుడు దానికి ఒక మాట బదులు చెప్పెను. నాటినుండి వారిరువురి నడుమ పలుకులు లేవు. ఉత్తరములు తల్లి పేర వచ్చెడివి. తల్లి గతించిన తరువాత కుమారుడు వృద్ధుడైన తండ్రిని చూచుకొనుటకై భార్యాబిడ్డలతో తిరిగి వచ్చెను. అన్నము వేళకు వడ్డింపబడుచుండెను, మందులు వేళకు అందుచుండెను; కాని తండ్రీకొడుకులు మాత్రము కోడలి ద్వారమునను, మనుమని ద్వారమునను మాటలాడుకొనుచుండిరి.

మనుమడు పండ్రెండేండ్లవాడు. వానికి తాతగారి సైకిలుపై మనసు కలిగెను. తాత ఎత్తునకు నిలిపిన ఆ సీటు వాని కాళ్ళకు మిక్కిలి ఎత్తయ్యెను. సీటును దింపవలెనని తండ్రి కూర్చుండి బిగింపు బోల్టును విప్పెను. సీటును మోయు కడ్డీ ఫ్రేము గొట్టములోనికి దిగలేదు, పైకిని రాలేదు. రెండు చేతులతో పట్టి త్రిప్పినను కదలలేదు. అతడు విసిగి సీటును తీసి, సుత్తి తెచ్చి, పైనుండి కొట్టెను. కడ్డీ తల చితికెనుగాని కడ్డీ దిగలేదు. ఇంకను గట్టిగా కొట్టెను. వసారాలో కుర్చీపై కూర్చున్న వృద్ధుడు ఆ చప్పుడు వినుచుండెను. ఇనుముతో జీవితమంతయు గడపినవానికి ప్రతి దెబ్బయు తెలియును. అయినను ఆయన నోరు విప్పలేదు. విప్పుటకు ఆయన నోరును బిగిసియే యుండెను.

ఆ కడ్డీ ఎందుకు బిగిసెను? ఫ్రేము గొట్టమును, అందు దూర్చిన కడ్డీయును ఉక్కువే. రెంటి నడుమ వెండ్రుకవాసి సందు ఉండును. ఆ సందున చేరిన తేమవలన ఇనుము తుప్పుగా మారును. తుప్పు తాను తినివేసిన ఇనుముకంటె రెండింతలకు మించిన చోటును ఆక్రమించును. సందు చిన్నది, తుప్పు పెద్దది. కావున అది రెంటిని అదిమిపట్టి ఏకము చేయును. ఇక్కడ గమనింపదగిన విషయములు రెండు కలవు. మొదటిది, తుప్పు వెలుపలినుండి వచ్చి చేరిన మాలిన్యము మాత్రమే కాదు. అది ఆ ఇనుము యొక్క సొంత శరీరమే. కొంత కడ్డీది, కొంత గొట్టముది. రెండవది, కడ్డీ బిగిసినది వాడుకవలన కాదు, వాడకపోవుటవలన. అప్పుడప్పుడు విప్పి తుడిచి గ్రీజు రాయుచున్నచో అది ఎన్నటికిని బిగిసెడిది కాదు.

ఆ తండ్రీకొడుకుల మౌనమును ఇట్టిదే. దానిని పరులెవ్వరును తెచ్చిపెట్టలేదు. తండ్రికి కుమారునిపై ప్రేమ లేనిచో, కుమారుడు చెప్పిన బదులు ఆయనను అంతగా నొప్పించెడిది కాదు. కుమారునికి తండ్రిపై గౌరవము లేనిచో, తండ్రి అన్న మాట అతని ఎదలో అన్ని సంవత్సరములు నిలిచెడిది కాదు. ప్రేమయే మారి పట్టుదల అయినది, గౌరవమే మారి రోషమైనది. అన్యులయెడ మానవునకు కలుగు కోపము త్వరలోనే రాలిపోవును. ఆత్మీయులయెడ కలిగిన కోపము రాలదు. ఏలయన అది ప్రేమ యొక్క పదార్థముతోనే తయారైనది. ఇది తెలిసినవాడు బంధుద్వేషమును శత్రువుగా ఎంచి కొట్టబోడు. దోషము కడ్డీది కాదు, ఫ్రేముది కాదు; రెంటి నడుమ పెరిగినదానిది. కొట్టెడివాడు తుప్పును కొట్టుచున్నానని తలచును. దెబ్బ తగులునది మాత్రము ఇనుమునకు.

సీటు లొంగకపోగా కుమారుడు మిగిలిన భాగములనైన విప్పి శుభ్రము చేయుదమని పెడలుపై పడెను. ఎడమ పెడలుకు స్పానరు వేసి, అన్ని మరలను విప్పునట్లే, గడియారపు ముల్లునకు ఎదురుగా త్రిప్పెను. అది రాలేదు. కాలుపెట్టి త్రొక్కెను. చెమటలు క్రమ్మెను. అప్పుడు కుర్చీనుండి ఒక మాట వినబడెను.

"అటు కాదురా, ఇటు. ఎడమ పెడలుకు ఎడమ మర."

అన్ని సంవత్సరముల తరువాత తండ్రి కుమారునితో నేరుగా పలికిన మొదటి మాట ఇది. క్షమింపుమని కాదు, క్షమించితినని కాదు; మర ఏ వైపునకు తిరుగునో చెప్పెను. కుమారుడు తల ఎత్తి చూడలేదు. స్పానరును రెండవ వైపునకు త్రిప్పెను. కొంత ప్రయాసమీద మర కదలెను.

సైకిలు నడచునపుడు కలుగు రాపిడికి పెడలు తనంతట తాను ఊడిపోకుండుటకై ఎడమ పెడలుకు ఎడమ మర కోయుదురు. ఆ సంగతి తెలియనివాడు విప్పుచున్నాననుకొని బిగించుచుండును. వాని బలము ఎంత యెక్కువయో అంతగా మర బిగియును. బలము దోషము కాదు. దిక్కు తెలియని బలము దోషము. వేదాంతము వివేకమునకు మొదటి స్థానమిచ్చుటలో గల అంతరార్థము ఇదియే. సాధనచతుష్టయమున వివేకము ముందు, తక్కినవి దాని వెనుక.

ఈ సత్యమునకు ఆ ఊరి చరిత్రమునందే ఒక సాక్ష్యము కలదు. ఖరగ్‌పూర్ చెంతనున్న హిజిలీయందు బ్రిటిషు ప్రభుత్వము 1930లో రాజకీయ నిర్బంధితులకై ఒక శిబిరమును తెరచెను. 1931 సెప్టెంబరు 16వ తేదీన అక్కడి నిరాయుధులైన నిర్బంధితులపై పోలీసులు కాల్పులు జరుపగా సంతోష్ కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తా అను ఇరువురు మరణించిరి. రవీంద్రనాథ ఠాగూరు, సుభాష్ చంద్ర బోసు మొదలగువారు దానిని తీవ్రముగా నిరసించిరి. పట్టుదలను సడలింపవలెనని ప్రయోగించిన బలము పట్టుదలను మరింత బిగించెను. కాలము మారెను. 1951లో ఆ నిర్బంధ శిబిరపు భవనముననే భారతదేశపు తొలి ఐ.ఐ.టి. తన పనిని ఆరంభించెను. తుపాకి విప్పలేని ముడి వేరొక విధమున విడివడెను, నిర్బంధగృహము విద్యాగృహమయ్యెను.

అయినచో బలమునకు స్థానమే లేదా? ఉన్నది. పెడలు విడిన పిదప వృద్ధుడు కుర్చీనుండి లేచి వచ్చెను. కడ్డీ అడుగుభాగమునకు తైలము అందవలెనన్నచో సైకిలును తలక్రిందులు చేసి, పెడళ్ళ ఇరుసును తీసి, ఆ వైపునుండి గొట్టములోనికి పోయవలెననెను. ఇరుసును తీయుటకు ముందు క్రాంకులను పట్టియుంచు కాటరు పిన్నులు రావలెను. కుమారుడు పిన్నుపై చిన్న చిన్న దెబ్బలు వేయసాగెను. తండ్రి వారించెను. ఒక లావుపాటి ఇనుపగొట్టపు ముక్కను తెప్పించి, క్రాంకు క్రింద నేలకు ఆనునట్లు నిలిపెను. నట్టును పూర్తిగా తీయక, మర కొనకు రానిచ్చి, దానిపై కట్టెముక్క పెట్టి, "ఇప్పుడు కొట్టు. ఒక్కటే దెబ్బ. గట్టిగా" అనెను. కుమారుడు కొట్టెను. పిన్ను సడలెను.

క్రింద ఆనిక లేక కొట్టినచో ఆ దెబ్బ పిన్నును చేరదు. ఇరుసులోని గుండ్లకును, అవి దొర్లు గిన్నెలకును తగిలి వానికి సొట్టలు పడును. భయముతో వేసిన పది చిన్నదెబ్బలు పిన్ను తలను నలుపునేగాని పిన్నును కదల్పవు. కావున బలప్రయోగమునకు రెండు నియమములు ఏర్పడుచున్నవి. దెబ్బ పడుచోట క్రింద ఒక చేయి ఉండవలెను. కొట్టునది నిశ్చయముతో ఒక్కమారే కొట్టవలెను. బిడ్డను మందలించు తల్లికి ఈ రెండు నియమములును సహజముగా తెలియును. ఆమె ఒకమారు గట్టిగా కోప్పడును. ఆ కోపము క్రింద ఆమె ఒడి ఉండును. దినమంతయు సణుగుచు, సాధించుచు, ఆదరణ మాత్రము చూపనివారి మాటలు బిడ్డను దిద్దవు. వాని హృదయమున సొట్టలు పెట్టును. సాధకుడు తన మనస్సును తాను శిక్షించుకొనునపుడును ఇంతే. భగవద్విశ్వాసము అను ఆనిక లేక, తన్ను తాను నిందించుకొనుచు కూర్చున్నవాడు దోషమును పోగొట్టుకొనడు, ధైర్యమును పోగొట్టుకొనును.

పిన్నులు వచ్చినవి, ఇరుసు వచ్చినది. సైకిలును తలక్రిందులుగా నిలిపి గొట్టములోనికి కిరసనాయిలు పోసిరి. "ఎన్నాళ్ళుండవలె నాన్నా?" అని కుమారుడు అడిగెను. ఆ పిలుపును కుమారుడు గమనించెనో లేదోగాని తండ్రి గమనించెను. "దిగువరకు. రోజూ కొంచెము పోయుచుండవలె" అని మాత్రము అనెను.

పలుచని నూనెకు ఒక గుణము కలదు. ఎంతటి సన్నని సందైనను అది తనంతట తాను ప్రాకిపోవును. దానిని ఎవ్వరును నెట్టనక్కరలేదు; నెట్టినంతమాత్రమున త్వరపడదు. చేయవలసినదెల్ల ప్రతిదినమును పోయుట, వేచియుండుట. బయట ఏ మార్పును కనబడదు. మొదటినాడెట్లుండెనో అయిదవనాడును కడ్డీ అట్లే యుండును. అట్టి సమయముననే మానవుడు నిరాశ చెంది సుత్తికై వెదకును. కాని కంటికి కానరాని చోట నూనె తుప్పు పొరల నడుమ పొడుగునా పాకుచుండును.

గీతయందు ఆరవ అధ్యాయమున అర్జునుడు మనస్సును పట్టుట గాలిని పట్టుటవలె కష్టమని మొరపెట్టుకొనెను. శ్రీకృష్ణుడు ఆ మాటను కాదనలేదు. కష్టమని ఒప్పుకొని, అభ్యాసము, వైరాగ్యము అను రెండు ఉపాయములను చూపెను. అంతకు ముందే ఆ అధ్యాయముననే మనస్సును మెల్లమెల్లగా, ధైర్యముతో కూడిన బుద్ధిచే మరల్పవలెనని చెప్పియుండెను. పతంజలి మహర్షియు దీర్ఘకాలము, విరామము లేక, ఆదరముతో సాగినపుడే అభ్యాసము దృఢపడునని సూత్రించెను. ఈ మూడింటిలో ఆదరము అను షరతును సామాన్యముగా జనులు మరతురు. విసుగుతో చేసిన జపము, కసితో చేసిన ఉపవాసము నూనె వంటివి కావు. అవి సుత్తి వంటివి. ప్రతిదినమును శ్రద్ధతో చేసిన స్వల్పప్రార్థన నూనె వంటిది. దాని ఫలము నేడు కనబడలేదని దానిని మానరాదు.

ఆ ఇంట ఒక వారము గడచెను. ప్రతి సాయంకాలమును తండ్రీకొడుకులు వసారాలో కూర్చుండి నూనె పోయుచుండిరి. నూనె పోయుటకు ఒక నిమిషము చాలును. కాని వారు అరగంట కూర్చుండిరి. మాటలు సైకిలును గూర్చియే. ఏ సంవత్సరమున చక్రము మార్చినది, ఏ వానలో గొలుసు తెగినది. ఎనిమిదవనాడు సైకిలును తెలిసిన షాపునకు కొనిపోయి, కడ్డీ తలను బెంచి వైసునందు బిగించిరి. ఫ్రేమునే పిడిగా పట్టుకొని ఇరువురును మెల్లగా ఒక వైపునకు, మరల రెండవ వైపునకు త్రిప్పిరి. లాగలేదు. బిగిసినది లాగిన రాదు; మొదట త్రిప్పవలెను. టక్కుమని ఒక చిన్న శబ్దము వచ్చెను. వెండ్రుకవాసి కదలెను. మరల నూనె పోసిరి, మరల అటునిటు త్రిప్పిరి. ఏ వైపునకు కదలెనన్నది ముఖ్యము కాదు; కదలుటయే ముఖ్యము. మొదటి కదలిక వచ్చిన తరువాత మిగిలినది కాలముయొక్క పని. కొంతసేపటికి కడ్డీ ఎఱ్ఱని పొడి రాల్చుచు చేతిలోనికి వచ్చెను.

ఈ పద్ధతియే సర్వత్ర చెల్లునని తలచుటయు పొరబాటు. నేటి సైకిళ్ళు కొన్నింటిలో ఫ్రేము ఉక్కుదైనను కడ్డీ అల్యూమినియముది. వాని నడుమ తేమ చేరినచో, రెండు లోహముల భేదమువలన వేరొక విధమైన బిగువు ఏర్పడును. వేడికి ఒక మీటరు పొడవున ఒక సెల్సియసు డిగ్రీకి ఉక్కు సుమారు 12 మైక్రోమీటర్లు పెరుగగా అల్యూమినియము సుమారు 23 మైక్రోమీటర్లు పెరుగును. కావున రెంటిని కలిపి వేడిచేసినచో లోపలి కడ్డీయే ఎక్కువ ఉబ్బి మరింత బిగియును. అక్కడ కడ్డీకి మంచుగడ్డ పెట్టి చల్లబరచుట ఉపాయము. ఒకచోట మందైనది మరొకచోట విషమగును. మన పెద్దలు అధికారిభేదమును పాటించి, ఒక్కొక్క శిష్యునకు ఒక్కొక్క సాధనమును విధించుటలోని రహస్యము ఇదియే. ఒకనికి మందలింపు మేలు చేయును, మరొకనికి మౌనమే మేలు చేయును. ఎదుటివాడు ఏ లోహమో ఎరుగక ఉపదేశింపబూనుట హింస.

మరియొక సందేహమునకును సమాధానము చెప్పవలసియున్నది. బిగువెల్ల బంధమేనా? విడదీయుటయే జ్ఞానమా? పల్లెలలో కమ్మరి బండిచక్రమునకు ఇనుపపట్టా ఎక్కించుట పెద్దలు చూచియే యుందురు. పట్టాను ఎఱ్ఱగా కాల్చి, అది సాగియుండగా చక్రముపై తొడిగి, నీళ్ళు చల్లుదురు. చల్లారిన పట్టా చక్రపు కఱ్ఱలన్నింటిని బిగించి ఒక్కటిగా నిలుపును. రైల్వే చక్రములకు ఉక్కుపట్టాలను ఎక్కించుటయందును ఈ సూత్రమునే పాటించిరి. ఈ బిగువు లేనిచో బండి నడవదు. ఇది తెలిసి, కోరి, తపించి కట్టుకొన్న బంధము. సైకిలు కడ్డీది తెలియక, తలపక, నిర్లక్ష్యమువలన పట్టిన బంధము. వివాహము, గురుశిష్యసంబంధము, తాను పట్టిన వ్రతము మొదటి రకమునకు చెందినవి. వీని బిగువు చూచి బంధమని తెంచబోవువాడు విరక్తుడు కాడు. ఏది కట్టుకొన్నదో, ఏది పట్టుకొన్నదో ఎరుగుటయే వైరాగ్యమునకు ఆరంభము.

కొన్ని వేళల నూనె, వేడి, మెలి ఏవియు ఫలింపవు. అప్పుడు మేస్త్రి కడ్డీని ఫ్రేముకు పైగా కోసివేసి, హాక్సా బ్లేడును దాని బోలులోనికి దూర్చి, నిలువున చీల్చి, లోపలికి మడిచి తీసివేయును. బ్లేడు ఒక్క నూలువాసి లోతుగా దిగినను ఫ్రేము గొట్టము చెడును. ఇది కడపటి ఉపాయము. ఇందును ఒక ధర్మము కలదు: కోయబడునది కడ్డీ, కాపాడబడవలసినది ఫ్రేము. మనుష్యుని కాపాడుటకై అతని దురభ్యాసమును, దుస్సాంగత్యమును తెంపవచ్చును. దురభ్యాసముపై కోపముతో మనుష్యుని తెంపరాదు. కాని ఓర్పు పేర ఈ కడపటి ఉపాయమును నిషేధించుటయు అధర్మమే. ఇంట ఒకడు త్రాగి వచ్చి భార్యను కొట్టుచుండగా, వేచియుండుమని ఆమెకు బోధించుట ధర్మబోధ కాదు. అక్కడ ఫ్రేము ఆమె ప్రాణము, ఆమె బిడ్డల ప్రాణము. ఓర్పు తన బాధను సహించుటయందు శోభించును. పరుల బాధను చూచుచు ఊరకుండుట ఓర్పు కాదు.

కావున మొదటి ప్రశ్నకు సమాధానము ఇది. బలము, ఓర్పు ఒకదానికొకటి విరోధులు కావు. ఓర్పు ముందు నడచి దారి చేయవలెను. వివేకము దిక్కు చూపవలెను. అటు పిమ్మట వచ్చిన బలము స్వల్పమైనను చాలును. ఓర్పు ముందు నడవని బలము పగులగొట్టును. బలము వెంట రాని ఓర్పు నూనెలో నానుచునే యుండును, విడివడదు. ఏడు దినములు పోసిన నూనె ఎంత అవసరమో, ఎనిమిదవనాడు వైసున బిగించి త్రిప్పిన చేతులును అంత అవసరము. మృత్యుంజయమంత్రమున ఋషి బంధవిముక్తిని పండిన దోసపండు తొడిమనుండి వీడుటతో పోల్చెను. పండనిదానిని లాగినచో తీగ తెగును. పండినదాని క్రింద చేయి పట్టినచో అది చేతిలోనికి వచ్చును. కాని ఆ చేయి పట్టవలెను.

కడ్డీ వచ్చిన తరువాత వృద్ధుడు గుడ్డను కిరసనాయిలుతో తడిపి గొట్టము లోపలను, కడ్డీ వెలుపలను తుడిపించెను. చితికిన తలను ఆకురాయితో సరిచేయించెను. పిదప రెండింటికిని పలుచగా గ్రీజు రాయించెను. సీటు మనుమని ఎత్తునకు దిగెను. "ఏటేట వానలకు ముందు ఒకమారు తీసి, తుడిచి, మరల పెట్టవలె. అంతే. మేమే చేయలేదు" అని ఆయన అనెను. ఆ కడపటి మాట సైకిలును గూర్చియా, వేరొకదానిని గూర్చియా అని కుమారుడు అడుగలేదు. పాత మాటలు మరపునకు వచ్చెనని చెప్పరాదు. కొంత తుప్పు లోపల మిగిలియే యుండును. కాని ఆ రాత్రి తండ్రికి మందు ఇచ్చుటకు కుమారుడు తానే వచ్చెను.

విడదీయుట ఎంత కష్టమో ఎరిగినవాడు బిగియకుండ చూచుకొనును. దినమునకు ఒకమారు తన హృదయమును విప్పి చూచుకొనుట, ఇంటివారితో ఒక మంచిమాట పలుకుట, తప్పు చేసిననాడే తప్పని ఒప్పుకొనుట - ఇవి చిన్న పనులు. గ్రీజు రాయుటవంటివి. వీనివలన గొప్ప కీర్తి రాదు, ఎవ్వరును మెచ్చుకొనరు. అయినను వీనిని మానినవారికే సుత్తితో అవసరము కలుగును. వానకాలము అందరి ఇండ్లకును వచ్చును. దానికి ముందే ఒకమారు విప్పి తుడుచుకొన్నవాడు ధన్యుడు.